అందుకునేవారి సంతకం

అద్దాల వర్క్‌షాపు పై అంతస్తు గది,
మంగళవారం

వదిన గారికి నమస్కారాలు.

అన్నయ్య పోయాడని నాకు నిన్ననే తెలిసింది. మీ షాపుకి విడిభాగాలు తెచ్చే స్ప్రింగుల మామయ్య ఏదో యంత్రాల ప్రదర్శన చూడటానికి ఈ దేశం వచ్చాడు. కళ్ళజోడు కాడ విరిగితే అడ్రసు కనుక్కుని మా వర్క్‌షాపుకే వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టి, "ఏమ్మా, అన్నయ్య పోయినప్పుడు కూడా రాలేకపోయావా?" అన్నాడు. ఆయన కళ్ళజోడు అప్పుడు నా చేతిలో ఉంది. కాడ అతికించి, అద్దాలు తుడిచి ఇచ్చాకే "ఎప్పుడు?" అని అడగగలిగాను. నాలుగు నెలలైందట.

ఒక కార్డు ముక్కైనా ఎందుకు రాయలేదని మిమ్మల్ని అడగను. అడిగే హక్కు నేనే పోగొట్టుకున్నాను.

ఈ ఉత్తరం ఒక పని మీద రాస్తున్నాను. పదకొండేళ్ళ కిందట అన్నయ్యకి పంపిన చేతి గడియారం నా దగ్గరే ఉంది. అందరి గడియారాలూ బాగుచేసే మనిషి మణికట్టు ఖాళీగా ఉండటం చిన్నప్పటినుంచీ నాకు కంట్లో నలుసులా ఉండేది. ఇక్కడ పనిలో చేరిన ఏడాదికి కొన్నాను. అది మీ దగ్గర కస్టమ్స్ దాకా వెళ్ళి, తిరిగి నా గుమ్మం ముందుకే వచ్చింది. పెట్టె మీద అంటించిన చీటీలో 'స్వీకరించలేదు' అన్న చోట టిక్కు, కింద అన్నయ్య పేరుతో సంతకం, కారణం అన్న చోట 'అవసరం లేదు' అని రెండు మాటలు. అంతే.

అది మళ్ళీ పంపుతాను. అన్నయ్య కోసం కొన్న వస్తువు నా బీరువాలో ఉండకూడదు. వద్దనడానికి ఇప్పుడు అన్నయ్య లేడు కదా. షాపు అడ్రసు పాతదేనా, మీరే తెరుస్తున్నారా, ఈ రెండు ముక్కలు రాస్తే చాలు.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

వాచీ షాపు,
మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ

అమ్మాయికి ఆశీస్సులు.

కవరు మీద నీ చేతిరాత చూసి గంటసేపు తెరవలేదు. తెరిస్తే లోపల 'మీరు' అని ఉంది. నా కొంగు పట్టుకుని వంటింట్లో తిరిగేటప్పుడు 'ఏయ్ వదినా' అనేదానివి. సరేలే, దూరం పెరిగితే మర్యాద కూడా పెరుగుతుందేమో.

మీ అన్నయ్య పోయింది పగలు పదకొండింటికి. ఒక పాత గోడ గడియారం విప్పి, భాగాలన్నీ బల్ల మీద వరసగా పరిచాడు. టీ తెమ్మన్నాడు. నేను వీధి మలుపులో టీ కొట్టుకి వెళ్ళి వచ్చేలోపు తల బల్ల మీద వాల్చి ఉన్నాడు. కంటికి పెట్టుకునే భూతద్దం ఇంకా కంటికే ఉంది. ఒక్క మర కూడా కింద పడలేదు. డాక్టరు గుండె అన్నాడు. పది రోజుల తర్వాత ఆ భాగాలు ఆయన పరిచిన వరసలోనే ఒక్కొక్కటీ తీసుకుని నేను బిగించాను. గడియారం సొంతదారు వచ్చి తీసుకెళ్ళాడు. బాగానే నడుస్తోందట.

నీకు రాయకపోవడం అడ్రసు లేక కాదు. ఏమని మొదలుపెట్టాలో తెలియక. అది నా తప్పే.

షాపు నేనే తెరుస్తున్నాను. బ్యాటరీలు, పట్టీలు, పగిలిన అద్దాలు నా వల్ల అవుతాయి. ఆయన పక్కన ఇరవై ఏళ్ళు కూర్చున్నాను కాబట్టి మిగతా పనీ కొంత పట్టుబడింది. దమ్మిడీ ఆదాయం లేకపోయినా క్షణం తీరిక లేదన్నట్టు రోజు గడిచిపోతోంది.

వాచీ మాత్రం పంపకు. నా మాట విను. కస్టమ్స్ సంగతి నీకు తెలియదు. బయటి దేశం నుంచి గడియారం వచ్చిందంటే వాళ్ళ కళ్ళన్నీ దాని మీదే. ముందు దాని వెల చూస్తారు. ఆ వెలకి పంపిన ఖర్చు, బీమా కలుపుతారు. ఆ మొత్తం మీద సుంకం. సుంకం కలిపిన మొత్తం మీద మళ్ళీ పన్ను. వాళ్ళ గోదాములో ఉన్నన్నాళ్ళూ రోజుకింత అద్దె. బహుమతి అని రాసినా ఒక హద్దు లోపలైతేనే వదులుతారు, నీ గడియారం ఆ హద్దు ఎప్పుడో దాటింది. తోలు పట్టీ ఉంటే అది ఏ జంతువు తోలని ఇంకో కాగితం అడుగుతారు. విలువ తక్కువ వేశావని అనుమానం వస్తే వాళ్ళే ఒక ధర కడతారు, దానికి నువ్వు ఊ అనాల్సిందే. ఎందుకొచ్చిన తలనొప్పి చెప్పు? నువ్వు కొన్నదే కదా, నువ్వే పెట్టుకో. ఆయన పెట్టుకున్నట్టే అనుకుంటాను.

షాపు బోర్డు మీద నెంబరు ఉందని ఫోను మాత్రం చేయకు. నీ గొంతు వింటే నాకు మాట రాదు.

వదిన

*

అదే గది,
శనివారం సాయంత్రం

వదిన గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అన్నయ్య గురించి అర పేజీ, కస్టమ్స్ గురించి పేజీ. ఇంత వివరంగా ఈ నియమాలన్నీ మీరెప్పుడు నేర్చుకున్నారో గానీ, ఒక్కటీ తప్పు లేదు. కనుక్కున్నాను.

భూతద్దం కంటికే ఉందని చదివిన రోజు పని చేయలేకపోయాను. సానరాయి తిరుగుతూనే ఉంది, నేను అద్దం పట్టుకుని నిలబడిపోయాను. ఎవరికో చేయాల్సిన అద్దం మీద రెండు గీతలు పడ్డాయి. మా ఫోర్‌మన్ చూసి ఆ అద్దం తీసి పక్కన పెట్టాడు.

ఇవాళ పోస్టాఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఆవిడ ఫారం ముందు పెట్టుకుని, "లోపల ఏముంది?" అంది.

"చేతి గడియారం."

"కొత్తదా, వాడినదా?"

"కొని పదకొండేళ్ళు. ఒక్క రోజు కూడా ఎవరూ పెట్టుకోలేదు."

"అయితే కొత్తదే."

"పెట్టె మూలలు నలిగాయి. ఒకసారి దేశం దాటి తిరిగొచ్చింది."

"అయితే పాతదా?" అని పెన్ను ఆపింది. నా వెనక వరసలో ఉన్న పెద్దాయన, "పెళ్ళి కాలేదు గానీ వయసైపోయింది అని రాయమ్మా" అన్నాడు. వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాలుగు వారాల్లో అదే నవ్వడం.

తర్వాత విలువ రాయాలి. ఆవిడ గొంతు తగ్గించి, "తక్కువ వెయ్యండి, అందరూ చేసేదే" అంది. పదకొండేళ్ళ కిందట కూడా ఇలాగే ఒకరు చెప్పారు. నేను వినలేదు. చిల్లరతో సహా అసలు ధర రాశాను. అది నిజాయితీ అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇవాళ ఆ ఫారం ముందు నిలబడితే అర్థమైంది, అందులో నిజాయితీ సగమే. చెల్లెలు ఎంత పెట్టి కొన్నదో అన్నయ్య కళ్ళారా చూడాలన్న గొప్ప మిగతా సగం. ఆ అంకె అక్కడికొచ్చేసరికి సుంకంగా మారి మీ నెత్తిన పడుతుందని నాకు తట్టనేలేదు.

ఈసారీ నిజమే రాశాను. అయితే పంపినవాళ్ళే సుంకం ముందుగా కట్టే పద్ధతి ఉంది. కట్టేశాను. మొసలి తోలు పట్టీ ఊడదీసి ఇక్కడే ఉంచాను. మీరు చెప్పిన అడ్డంకులన్నీ తీరిపోయాయి. పార్శిల్ వెళ్ళిపోయింది.

దాని మీద అన్నయ్య పేరే రాశాను. ఇంకో పేరు రాయడానికి చేయి రాలేదు. మీకు ఇబ్బంది అవుతుందేమో, ఏమీ అనుకోకండి.

ఒక్క మాట అడుగుతాను. అప్పుడు అది తిప్పి పంపిన రోజు అన్నయ్య ఏమన్నాడు? మీ ఉత్తరంలో ఎన్నో ఉన్నాయి, ఆ మాటే లేదు. తిట్టి ఉంటే తిట్టాడనే రాయండి. తెలియకపోవడం కన్నా నయం.

మీ ఆడపడుచు

*

కస్టమ్స్ ఆఫీసు మెట్ల మీద మొదలుపెట్టి
షాపులో పూర్తి చేసింది

పిచ్చికకి,

మీ అన్నయ్య నీకు ముద్దుగా పెట్టిన ఆ పేరుతో పిలిచే అర్హత నాకు లేదు. ఈ ఉత్తరం చదివాక వద్దంటే మానేస్తాను.

నోటీసు ఆయన పేరు మీద వచ్చింది. సుంకం చెల్లింది, గ్రహీత స్వయంగా వచ్చి గుర్తింపు చూపి తీసుకెళ్ళాలి అని. మరణ ధ్రువపత్రం, మా పెళ్ళి కాగితం, షాపు లైసెన్సు అన్నీ సంచిలో పెట్టుకుని ఇవాళ పొద్దున వెళ్ళాను. ఆ హాలు ఏం మారలేదు. అవే ఇనప బెంచీలు, అదే ఫినాయిల్ వాసన. గోడ గడియారం పది నిమిషాలు వెనక నడుస్తోంది. మీ అన్నయ్య అయితే కుర్చీ ఎక్కి సరిచేస్తే గానీ కూర్చునేవాడు కాదు.

కౌంటర్లో ఆఫీసరమ్మ నా ఈడుదే. నోటీసు చూసి, "వీరిని రమ్మనండమ్మా, మీకు ఇవ్వకూడదు" అంది.

"రాలేరండీ."

"ఒంట్లో బాగోలేదా?"

"పోయారు."

ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది. "భార్యే కదా, పర్వాలేదు. ఆయన తరఫున మీరే సంతకం పెట్టి తీసుకెళ్ళండి" అని పెన్ను నా వైపు తిప్పి ఇచ్చింది.

ఆయన తరఫున. పెన్ను పట్టుకున్నాను గానీ చేయి కదల్లేదు. ఎందుకంటే అదే కౌంటర్లో, ఆయన తరఫున, నేను ఒకసారి సంతకం పెట్టాను.

పదకొండేళ్ళ కిందట నీకు వచ్చిన ఆ చీటీ మీద సంతకం నాది. 'అవసరం లేదు' అని రాసింది నేను. నీ పార్శిల్ వచ్చిందన్న సంగతే మీ అన్నయ్యకి తెలియదు. పోయేదాకా తెలియదు.

అప్పుడాయన కామెర్లతో మంచం మీద ఉన్నాడు. షాపు మూతపడి నలభై రోజులు. నోటీసు నా చేతికొచ్చింది. సుంకం అంకె చూసి కళ్ళు తిరిగాయి. ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. మొగుడు మంచాన పడ్డాడు, కట్టుకోలేక తిప్పి పంపింది పాపం అనుకుంటావు. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నదీ అదే. కానీ పక్కన బట్టల కొట్టావిడని అడిగితే సర్దేది. నేను అడగలేదు.

అంతకు ముందు నెలే నా కడుపు పోయింది. ఐదో నెల. అప్పుడూ నీ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అన్నయ్య కంటి నొప్పి గురించి అడిగావు. షాపు తలుపు గడియ గురించి అడిగావు. వీధిలో కుంటి కుక్క గురించి కూడా అడిగావు. వదిన ఎలా ఉందని లేదు. ఆ రోజు కౌంటర్లో వాళ్ళు పెట్టె తెరిచి వస్తువు చూపించారు. పైన నీ చిన్న కార్డు: 'ఈ లోకంలో నాకున్న ఒక్కగానొక్క మనిషికి.' అది చదివి, మరి నేనెవర్ని అనుకున్నాను. ఆ ఇంట్లో నేను గడియారం వెనక మూతనా, ఎవరికీ కనపడకుండా లోపలున్నవన్నీ పట్టుకుని ఉండటానికి? పెన్ను అడిగి సంతకం పెట్టేశాను.

ఆ కోపం బస్సు దిగేసరికి పోయింది. మర్నాడు పరుగెత్తుకుని వెళ్ళాను. పార్శిల్ వెళ్ళిపోయిందన్నారు. ఆయన లేచి తిరిగాక చెబుదామనుకున్నాను. ఆయన నీకు రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. "దానికి ఊపిరాడని పని ఉండుంటుందిలే" అన్నాడు. ఆ క్షణంలో చెబితే ఆయన ముఖం చూడాలి. వారం ఆగుదామనుకున్నాను. వారం నెలయింది. చెప్పని మాట ముల్లులాంటిది, మొదట్లో కదిలితే గుచ్చుతుంది, తర్వాత దాని చుట్టూ కండ పట్టేస్తుంది.

ఈ నియమాలన్నీ ఎప్పుడు నేర్చుకున్నారని అడిగావు. అప్పుడే. తిప్పి పంపినదాన్ని మళ్ళీ రప్పించుకునే దారి ఎక్కడైనా రాసి ఉంటుందేమోనని పదే పదే చదివాను. లేదు.

ఆఫీసరమ్మకి పెన్ను తిరిగిచ్చేశాను. "డబ్బంతా కట్టేసి ఉందమ్మా, సంతకమే కదా" అంది. "పంపినావిడని ఒక మాట అడగాలండీ" అన్నాను. నలభై అయిదు రోజులు గడువు రాసిచ్చింది. ఆలోపు ఎవరూ తీసుకోకపోతే వెనక్కి వచ్చేస్తుంది. ఉంచుకోమంటే ఉంచుకుంటాను, పంపేయమంటే పంపేస్తాను. ఈసారి నీకు తెలియకుండా ఏమీ జరగదు.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది.

వదిన

*

ఉత్తరం అందింది. చదివాను. ఇప్పుడు ఏమీ రాయలేను.

*

వాచీ షాపు,
గురువారం

అమ్మాయికి,

గడువు ఇంకా పదిహేను రోజులుంది. తొందర పెట్టడానికి కాదు, నీకు తెలియకుండా అది దాటిపోకూడదని రాస్తున్నాను. నువ్వేం రాయకపోతే దాన్ని ముట్టుకోను.

వదిన

*

అద్దాల వర్క్‌షాపు, భోజనాల గది,
బుధవారం

వదినా,

నీకు రెండు ఉత్తరాలు రాసి చించేశాను. మొదటిదాంట్లో తిట్లన్నీ ఈ వర్క్‌షాపులో నేర్చుకున్నవి, సగం నీకు అర్థం కూడా కావు. రెండోదాంట్లో నిన్ను క్షమించేశానని రాశాను. చదువుకుంటే మొదటిదే నయమనిపించింది. ఇది మూడోది. ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను, నాలుగు రోజుల్లో నీకు చేరాలి.

కడుపు పోయిన సంగతి నాకు తెలియదు వదినా. నువ్వు కడుపుతో ఉన్నావనే తెలియదు. అన్నయ్య రాయలేదు. ఐదు నెలలు నిండాక చెబుదామనుకున్నాడో, తర్వాత రాయడానికి చేతులు రాలేదో. కానీ 'వదిన ఎలా ఉంది' అని అడగడానికి ఇంత పెద్ద సంగతి జరగాలా? కుక్కని అడిగినదాన్ని నిన్ను అడగలేదు. మర్చిపోయి కాదు. నేను ఇల్లు వదిలేనాటికి మనిద్దరికీ మాటల్లేవు, గుర్తుందిగా. నువ్వొచ్చాక అన్నయ్య సాయంత్రాలు నాకు మిగల్లేదని నా ఏడుపు. ఇరవై దాటినా ఏడేళ్ళ పిల్ల ఏడుపే. 'ఒక్కగానొక్క మనిషికి' అని రాసినప్పుడు, పెట్టె విప్పేది నువ్వే అయ్యుంటావని నాకు తెలుసు. నువ్వు చదవాలనే రాశాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా.

అన్నయ్య రెండు ఉత్తరాలూ అందాయి. రెండింట్లోనూ వాచీ మాట లేదు. తిప్పి పంపినవాడు ఇంత మామూలుగా ఎలా రాస్తాడని ఉక్రోషం. జవాబు రాయలేదు. నిన్న ఆ పాత చీటీ తీసి చూశాను. అక్షరాలు విడివిడిగా ఉన్నాయి. అన్నయ్య సంతకం ఎప్పుడైనా విడిగా పెట్టాడా? అంతా ఒకే గొలుసు కదా. అద్దంలో వెంట్రుకవాసి తేడా పట్టుకునే కళ్ళు నావి, జీతం ఇచ్చేదే వాటికి. పదకొండేళ్ళు ఆ సంతకం చూసి, కోపంతో చేయి వణికింది కాబోలు అనుకున్నాను. ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది, 'అన్నయ్యా, ఎందుకు వద్దన్నావు' అని. కోపం కూడా ఒక సుఖమే వదినా. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక అడగలేదు.

అలాగని నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. పొద్దున పనిలోకి దిగినప్పుడు వస్తుంది. అన్నయ్య పోస్టు కోసం వీధిలోకి చూడటం కళ్ళ ముందు కనపడుతుంది, నువ్వు పక్కనే కూర్చుని చూడటమూ కనపడుతుంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఉన్నన్నాళ్ళు ఉండనీ. కోపం ఉన్నా ఉత్తరం రాయొచ్చని ఈ వయసులో తెలిసింది.

కవరులో ముద్ర వేసిన కాగితం ఉంటుంది. పంపినవారి అభ్యర్థన: గ్రహీత పేరు మార్చవలసిందని. ఆ కాగితం నింపడానికి ఆఫీసులో కూర్చుంటే అక్కడి గుమాస్తా, "ఆమె పూర్తి పేరు?" అన్నాడు. నీ పేరు తెలుసు గానీ పూర్తి పేరు ఎలా రాస్తారో తెలియదు. ఇన్నేళ్ళూ వదిన అనే కదా. సిగ్గుతో బయటికి వచ్చి స్ప్రింగుల మామయ్యకి ఫోన్ చేసి, అక్షరం అక్షరం చెప్పించుకుని రాశాను. నీ పేరు ఇంత పొడుగని నాకు తెలియదు. గడిలో పట్టలేదు.

ఆయన తరఫున పెట్టకు. నీ సంతకం నువ్వు పెట్టుకో.

నాకు ఒకటి కావాలి. ఈ పదకొండేళ్ళలో అన్నయ్య నా గురించి ఏమన్నాడో అన్నీ రాయి. మంచివి ఏరి రాయొద్దు. నువ్వు దాచుకున్నవాటిలో నా వాటా అది.

నీ పిచ్చిక

*

వాచీ షాపు,
ఆదివారం, తలుపులు దించి

పిచ్చికా,

గడువుకి నాలుగు రోజుల ముందే వెళ్ళాను. ఆఫీసరమ్మ నీ కాగితం చదివి, నా గుర్తింపు కార్డు పక్కన పెట్టి, పేరు అక్షరం అక్షరం సరిచూసింది. "సరిగ్గా రాశారే, మామూలుగా వీటిలోనే తప్పులొస్తాయి" అంది. సంతకం పెట్టాను. నా పేరు మీద పార్శిల్ రావడం నా జన్మలో ఇదే మొదలు.

గడియారం నడవలేదు. లోపల నూనె ఎండి జిగురైపోయింది. మీ అన్నయ్య బల్ల మీదే విప్పాను. శుభ్రం చేయడానికి నాలుగు రోజులు పట్టింది. రెండో రోజు ఒక చిన్న చక్రం ఎగిరిపోతే నేల మీద బోర్లా పడుకుని వెతికాను. లోపలికి వచ్చిన గిరాకీ ఆయన నన్ను చూసి హడలిపోయి నీళ్ళు తెచ్చాడు. ఇప్పుడు నడుస్తోంది. రోజుకి రెండు నిమిషాలు వెనకపడుతోంది, అది నా పనితనం. మామూలు గుడ్డ పట్టీ వేసి పెట్టుకున్నాను. నా చేతికి పెద్దదే. పని చేస్తుంటే మోచేతి దాకా జారుతుంది.

ఇక నువ్వడిగినవి. వరస లేదు, గుర్తొచ్చినట్టు రాస్తాను.

మొదటి ఏడాది పోస్టు వచ్చే వేళకి షాపు గుమ్మంలో నిలబడి పళ్ళు కుట్టుకునేవాడు. తర్వాత నిలబడటం మానేశాడు. మూడో ఉత్తరం రాశాడు. స్టాంపు కూడా అంటించి, మళ్ళీ చించేసి, "జవాబివ్వని వాళ్ళ తలుపు ఎన్నిసార్లు కొడతాం" అన్నాడు.

తిట్లు కూడా రాయమన్నావు. పొగరుబోతు అన్నాడు, చాలాసార్లు. "చిన్నప్పుడు రెండు తగిలించి ఉంటే బాగుపడేది" అన్నాడొకసారి. కాసేపాగి, "ఒకసారి తగిలించాను, అది చక్కగా తిని పడుకుంది, నాకే రెండు రోజులు ముద్ద దిగలేదు" అన్నాడు.

నలభై అయిదు దాటాక ఆయనకి దగ్గర చూపు తగ్గి కళ్ళజోడు వచ్చింది. తెచ్చిన రోజు పెట్టుకోవడం మానేసి, అద్దాల్ని వెలుతురుకి ఎత్తి అంచులు వెతకడం మొదలుపెట్టాడు. ఏం చూస్తున్నావంటే, "అంచు ఎంత బాగా అరగదీశారో చూడు. ఇది దాని చేతి పనే అయ్యుంటుంది" అన్నాడు. లోకంలో కళ్ళద్దాలన్నీ నువ్వొక్కదానివే చేస్తున్నట్టు. ఆ తర్వాత ఎవరు కళ్ళజోడు పెట్టుకుని షాపుకి వచ్చినా అడిగి తీసుకుని అంచులు చూసేవాడు. కొందరు పిచ్చివాడనుకున్నారు.

ఇది రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ తచ్చాడుతున్నాను. ఏరొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. పోయే ముందు ఏడాది, షాపు కడుతుంటే, తాళం చేతిలో పట్టుకుని ఆగిపోయి అడిగాడు: "దాన్ని నేనేమైనా అన్నానా? అంత కోపం రావాల్సిన మాట ఏదైనా? నీకేమైనా గుర్తుందా?" లేదన్నాను. ఆ మాట ఒక్కటే అన్నాను. ఆయన తల ఊపి తాళం వేశాడు. నువ్వు నన్ను తిట్టదలచుకుంటే వాచీకి కాదు, ఈ 'లేదు'కి తిట్టు. నన్ను నేను తిట్టుకునేది దీనికే.

ఇంకొకటి ఉంది. నువ్వు ఊరు విడిచే ముందు రోజు, ఆయనతో పోట్లాడి, సైజుల వారీగా వేరు చేసి పెట్టిన మరల డబ్బాలన్నీ ఒకే డబ్బాలో గుమ్మరించి వెళ్ళిపోయావు. ఆవగింజలంత మరలు. ఆ డబ్బా ఆయన ఎన్నడూ వేరు చేయలేదు. ఒక్క మర కావాలంటే అరగంట ఆ కుప్పలో వెతికేవాడు, గిరాకీలు విసుక్కుంటూ ఉండేవాళ్ళు. చూడలేక ఒకరోజు నేను పళ్ళెంలో పోసుకుని ఏరడానికి కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నా మీద గొంతు లేపింది అప్పుడే. పళ్ళెం లాక్కుని, మరలన్నీ మళ్ళీ డబ్బాలో పోసి మూత పెట్టాడు. "కలిపింది అది. వచ్చి అదే ఏరుతుంది" అన్నాడు.

నేను దాన్ని ముట్టుకోలేదు. రెండు వేలకి తక్కువ ఉండవు. నాకు చూపు సరిగా ఆనదు, నీకు ఏ సైజు ఏ డబ్బాలోదో గుర్తుండదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నా పది రోజుల పని. సెలవు కాస్త ఎక్కువే పెట్టుకుని రా.

వదిన